హాలేజీ మామ రైళ్లకు కరెంటు సరిపోతలేదు

ఆ బకెట్ అక్కడ పెట్టి ఒకసారి ఇటు రాండ్రి. బట్టలు ఇప్పుడే ఎందుకు ఆరేస్తున్నరు? ఓపెన్ కాస్టుల బ్లాస్టింగ్ ఇంకా కాలే. అది అయి, కిటికీ అద్దాలు ఒకసారి గలగలమని, దుమ్ము నేలకు దిగినంక ఆరేసుకోండ్రి. సెంటినరీ కాలనీల ఉన్నోళ్లకు ఇది నేను చెప్పాల్నా? మన లైన్ల తెల్ల చీర కట్టే ధైర్యం మీకొక్కరికే ఉన్నది. ఆ ధైర్యం నాకు ఇష్టమే. కాని చీర సంగతి కూడా జర చూసుకోండ్రి.

నేను పిల్చింది చీర కోసం గాదు. నిన్న రాత్రి హాలేజీ మామ ఇంట్ల నుంచి రైలు కూత వినపడ్డదా మీకు? వినపడే ఉంటది. మీ వంటింటి కిటికీ అటువైపే గదా. రెక్క రెండు వేళ్లంత తెరిచి ఉన్నది, నేను చూసిన. విని కూడా ఏంది, ఎందుకు అని అడగకుండ పండుకున్నరంటే మీ గుండె గట్టిదే. నాకైతే నిద్ర పట్టలే. పొద్దున్నే చాయ్ గిలాస తోని గోడ కాడ నిలవడ్డ. మామ ఇంటామె, మన అత్తమ్మ, బయటికొచ్చింది. సంగతంత ఆమెనే చెప్పింది, మిగిలింది వాళ్ల కొడుకు చెప్పిండు.

హాలేజీ మామ అని మనం అనుడే గాని ఆయన అసలు పేరు ఈ లైన్ల ఎవరికి తెలుసు చెప్పుండ్రి? మన దగ్గర ఎవలు ఏ పని చేస్తే అదే ఇంటిపేరు. పంపు మామ, లాంప్‌రూం అన్న, క్యాంటీన్ అక్క. ఈయన గోదావరిఖని బాయిల హాలేజీ నడిపిండు. బొగ్గు నిండిన టబ్బులకు ఇనుప తాడు కట్టి పైకి గుంజే మిషిన్ అది. నడిపేటోనికి కింద ఉన్న టబ్బులు కనపడవు. కిందికెళ్లి తీగ మీద గంట కొడ్తరు. ఆ గంట విని ఆపాల్నా, గుంజాల్నా, వదలాల్నా తేల్చుకోవాలె. ఎన్నో ఏండ్లు కండ్లకు కనపడని బండిని చెవులతోని నడిపిండు. ఈ ముచ్చట జర యాదిల పెట్టుకోండ్రి, మళ్ల దీని దగ్గరికే వస్త.

మామ మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కు ఉద్యోగం వచ్చింది. కొడుకు ఎలక్ట్రీషియన్. మంచి పిల్లగాడు. మాట్లాడేటప్పుడు నేల దిక్కు చూస్తడు, కాని తీగ దొరికితే చాలు, కండ్లల్ల వెలుగొస్తది. మామకు రైళ్ల పిచ్చి చిన్నప్పటి సంది ఉన్నదట. రామగుండం స్టేషన్ల భాగ్యనగర్ బండి వచ్చిందంటే గడియారం చూసుకుంటడు, టికెట్టు కొనే పని లేకున్నా సరే. డల్లాస్‌ల ఉన్న మేనల్లుడు వచ్చేటప్పుడు మామకు ఏం తేవాలె అని అడిగితే, స్వెటర్ వద్దు, చాక్లెట్ వద్దు, చిన్న రైలు తెమ్మన్నడు. పిల్లలు ఆడుకునే కీ బొమ్మ గాదు. అసలు బండిని 87 వంతులు చేస్తే అందుల ఒక వంతు ఎంతుంటదో అంత, లెక్క ప్రకారం. రెండు పట్టాల నడుమ పదహారున్నర మిల్లీమీటర్లు. దాన్ని హెచ్‌వో అంటరు.

మొదట ఒక్క ఇంజన్ వచ్చింది. ఇప్పుడు వెనుక గది మొత్తం ఒక ప్లైవుడ్ బల్ల. అత్తమ్మ బియ్యం డ్రమ్ము వరండాలకు వచ్చింది. బల్ల మీద రామగుండం స్టేషన్ ఉన్నది, ఎన్టీపీసీ చిమ్నీలున్నయి, బొగ్గు నింపే సైలో ఉన్నది. బొగ్గు బండికి నిజం బొగ్గే. ముక్కను సుత్తె తోని దంచి, జల్లెడ పట్టి, జిగురు పెట్టి అతికిచ్చిండు. అత్తమ్మ పిండి జల్లెడ అట్ల పోయింది. కొత్త జల్లెడ కొనిచ్చేదాక మామకు రొట్టె పెట్టలే అని ఆమె చెప్తది. పెట్టలే అని తను చెప్పుడే, వాసన నాకు రాలేదనుకుంటున్నదా?

ఆ బొగ్గు బండి చూస్తే మీకు ముచ్చటేస్తది. మొన్న ఒకాయన చూసి, సైలో కింద బండి ఆగుతలేదు, ఇదెట్ల నింపుకుంటది అన్నడు. మామ మొఖం చూడాల్సింది. ఎన్టీపీసీకి పోయే బండి సైలో కింద ఆగదు, మెల్లగ కదులుకుంటనే నింపుకుంటది. అటు పోయి పట్టాల కింద తొట్టి మీద అడుగు తలుపులు తెరిచి గుమ్మరిస్తది, మళ్ల ఖాళీగ తిరిగొస్తది. గుండ్రంగ తిరుగుడే దాని పని. అందుకే మెర్రీ గో రౌండ్ అన్నరు, మనోళ్లు ఎంజీఆర్ అంటరు. 2600 మెగావాట్ల ప్లాంటు, మూడు 200 యూనిట్లు, నాలుగు 500 యూనిట్లు. అన్ని పొయ్యిలకు బొగ్గు అట్లనే పోవాలె. ఆ చూడొచ్చినాయన ఇంత విన్నంక నీళ్లు తాగి పోయిండు.

ఇంకొకటి. ఆ బల్ల మీద మంథని స్టేషన్ ఉన్నది. నవ్వకుండ్రి. మంథనికి రైలెక్కడిది అని నాకూ తెలుసు. రామగుండం నుంచి మణుగూరుకు లైను పడ్తదని, అది మంథని మీదికెళ్లి పోతదని వినుడు మొదలుపెట్టి ఎన్నేండ్లయింది? మామ అత్తగారి ఊరు మంథని దగ్గరనే. పెండ్లయిన కొత్తల బస్సు దొరకక అత్తమ్మను తీసుకొని నడిచి పోయిన రోజులున్నయట. అందుకే ఆయన బల్ల మీద మంథని లైను వేసేసిండు. ప్లాట్‌ఫారం, పసుపు బోర్డు, తెలుగు, హిందీ, ఇంగ్లిష్ అక్షరాలు. అత్తమ్మ ఆ బోర్డును మాత్రం రోజూ పాత చీర ముక్కతోని తుడుస్తది, నేను చూసిన. మిగతా బల్ల మీద దుమ్ము చేతులతోని ఎత్తొచ్చు.

ఇగ అసలు సంగతికొస్త. పప్పు పొయ్యి మీద ఉన్నదా మీది? సిమ్‌ల పెట్టి రాండ్రి, నేను ఆగుత.

వచ్చిన్రా? ఈ చిన్న రైళ్లను నడిపే పద్ధతులు రెండున్నయి. పాత పద్ధతిల పట్టాలల్ల కరెంటు ఎక్కువ చేస్తే బండి ఉరుకుతది, తక్కువ చేస్తే మెల్లగైతది, తీసేస్తే ఆగుతది. ఒకటే పట్టా మీద రెండు ఇంజన్లుంటే రెండూ కలిసే ఉరుకుతయి, ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని నడుపుడు కష్టం. కొత్తది డిజిటల్ పద్ధతి, డీసీసీ అంటరు. ఇందుల పట్టాలల్ల ఎప్పుడూ నిండుగ కరెంటుంటది, 14, 15 వోల్టులు. కాని అది ఒక్క దిక్కే పోదు, సెకండుకు వేల సార్లు దిక్కు మారుతుంటది. ఆ మారుడులనే మాట ఉంటది. సెకండును పది లక్షల ముక్కలు చేస్తే, 58 ముక్కలకు దిక్కు మారితే అది ఒకటి. వంద ముక్కలో, అంతకంటె ఎక్కువో పడితే అది సున్న. ఒకట్లు, సున్నలు కలిపి ఒక హుకుం: మూడో నంబర్ ఇంజన్, ముందుకు, ఇంత స్పీడు. ఇంజన్ కడుపుల డీకోడర్ అని గోరంత సర్క్యూటుంటది. అది అన్ని మాటలు వింటది, తన నంబర్ వచ్చినప్పుడే కదులుతది. జర్మనీల లెంజ్ కంపెనీ తెచ్చిన పద్ధతి ఇది. అమెరికాల మోడల్ రైళ్లోళ్ల సంఘం, ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ, 1994ల దీన్ని అందరికీ ఒక్కటే ప్రమాణం చేసింది. అందుకే ఏ కంపెనీ ఇంజన్ అయినా హుకుం పంపే ఏ కంపెనీ డబ్బా మాటైనా వింటది.

కొడుకు ఇదంతా చెప్తుంటే మామ ఏమన్నడో తెలుసా? గంట సిగ్నల్ గదరా ఇది, అన్నడట. యాదికొచ్చిందా నేను చెప్పింది? తీగ మీద మాట పోవుడు ఆయనకు కొత్త గాదు. ఇరవై ఏండ్ల పిల్లగాండ్లకు పట్టని ముచ్చట ఆయనకు ఒక్క పూటల పట్టింది.

మంచిగనే నడిచినయి కొన్ని దినాలు. మొదట ఒక బండి, తర్వాత రెండు, మూడు. నాలుగోది కూత పెట్టే ఇంజన్. నిన్న రాత్రి వినపడ్డది దానిదే. అది పట్టా ఎక్కి జర దూరం ఉరికి ఎత్తుకు ఎక్కే కాడ ఒక్క కూత పెట్టింది. టక్కుమని బల్లంత బందైంది. అన్ని బండ్లు ఎక్కడియి అక్కడనే. దీపాలు పోయినయి. డబ్బా మీద ఎర్ర లైటు. జరసేపటికి దానంతట అదే వచ్చింది, మళ్ల పోయింది. మామ తెల్లారే దాక ఏమీ తినకుండ ఆ ఇంజన్‌ను పట్టుకొని కూసున్నడట. ఇంజన్ ఖరాబైందని ఆయన భయం.

ఇంజన్ ఖరాబు కాలే. ఆ డబ్బా ఇచ్చేది 3 ఆంప్సే. కొడుకు పే స్లిప్ వెనుక లెక్క వేసిండు. అత్తమ్మ ఆ కాయితం నాకు చూపిచ్చింది. ఇంజన్ ఒక్కోటి ఎత్తు ఎక్కేటప్పుడు అర ఆంప్ దాక తింటది. నాలుగింటికి 2 ఆంప్స్. మరి మిగతాది ఎవరు తిన్నరు? ఇక్కడే ఉన్నది అసలు ముచ్చట. ప్యాసింజర్ బండ్లు రెండు, ఒక్కోదానికి ఎనిమిది బోగీ డబ్బాలు. డబ్బాకు రెండు పాతకాలం బుడ్డి బల్బులు. ఒక బల్బు 40 మిల్లీ ఆంప్స్. పదహారు డబ్బాలకు లెక్క కట్టుండ్రి, ఒకటింబావు ఆంప్ దాటింది. రెండు ఇంజన్లు తినే దానికంటె ఎక్కువ బల్బులే తింటున్నయి!

పైగా డిజిటల్ పద్ధతిల ఇంకో తిరకాసున్నది. పట్టాలల్ల కరెంటు ఎప్పుడూ ఉంటది గదా, బండి ఆగినా దీపాలు ఆరవు. యార్డుల నిలబెట్టిన బండి కూడ తింటనే ఉంటది. దీపాలు తీసేద్దాం బాపూ అన్నడు కొడుకు. మామ ఒప్పుకోలే. "జనం చీకట్ల కూసుంటరారా?" అన్నడట. ఏ జనం? ప్లాస్టిక్ బొమ్మలు. గింజంత తల, గీతంత చెయ్యి. ఆయనకు వాళ్లు జనమే. అందుల ఒకామెకు ఎర్ర చీర రంగు తనే వేసిండు, కిటికీ పక్కన కూసుంటది. ఎవరని అడిగితే చెప్పడు. అత్తమ్మ మాత్రం తన పెండ్లి చీర ఎర్రదే అని నా చెవుల వేసింది. మీ దగ్గరనే ఉంచుకోండ్రి ఈ మాట.

కొడుకు బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెడ్త అన్నడు. డబ్బాకు 15 మిల్లీ ఆంప్స్ సరిపోతయి. పదహారు డబ్బాలు కలిపినా పావు ఆంప్. దీపాలు దీపాలే ఉంటయి, ఒక ఆంప్ మిగులుతది. ఇద్దరికీ నచ్చిందిది. నేనైతే ఎవరడిగినా ముందు ఇదే చెప్త. కరెంటు పెంచే ముందు తినేటోళ్లెవరో చూడాలె. చాలామంది చూడరు, ఉరికి పోయి పెద్ద డబ్బా కొంటరు.

అయితే మామ ఆశ నాలుగు బండ్లతోని ఆగుతదా? సింగరేణి ప్యాసింజర్ రావాలె, ఇంకో బొగ్గు బండి రావాలె, సైలో కాడ లైట్లు రావాలె. ఎల్‌ఈడీలు పెట్టినా చాలదు. ఎట్లైనా కరెంటు పెంచాల్సిందే. కొడుకు 8 ఆంప్స్ డబ్బా ఒకటి చూసిండు. మామ చెయ్యి అడ్డం పెట్టిండు. నాకు ఈ భాగమే బాగా నచ్చింది.

మామకు ఇంజినీరింగు రాదు. కాని తాడు తెగితే ఏమైతదో తెలుసు. బలం ఎక్కువైన కొద్ది తప్పు జరిగినప్పుడు దెబ్బ కూడ ఎక్కువైతదని బాయిల నేర్చుకున్నడు. కొడుకు లెక్క కూడ అదే చెప్పింది. 15 వోల్టులు, 8 ఆంప్స్ అంటే 120 వాట్లు. వాడి చేతుల సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, సీసం కరిగిస్తది. మరి ఒక చక్రం పట్టా తప్పి, పట్టాలు చీలే కాంటా కాడ రెండు పట్టాలకు అడ్డంగ పడ్డదనుకోండ్రి. ఆ 120 వాట్లు సూది మొనంత జాగల నుంచి పోతయి. ఇంజన్ ప్లాస్టిక్ ఒళ్లు ఆగుతదా? షార్టైతే డబ్బా బందైతది గదా అంటరు మీరు. బందైతది, తన హద్దు దాటితేనే. తీగలు సన్నగుండి, జాయింట్లు వదులుగుండి, షార్ట్ కాడికి 6 ఆంప్సే పోయిందనుకోండ్రి. 8 ఆంప్స్ డబ్బాకు అది షార్ట్ లెక్కల రాదు. ఎవరో బండి నడుపుతున్నరులే అనుకొని పోస్తనే ఉంటది. పొగ వచ్చినంకనే మనకు తెలుస్తది.

పెండ్లి పందిట్ల వడ్డన చూసిన్రు గదా. జనం ఎక్కువైన్రని ఒక్కని చేతికి పెద్ద గంగాళం ఇచ్చి అన్ని బంతులకు పొయ్యమంటరా ఎవరన్న? వాడు కాలు జారితే బంతి మొత్తం కాలిపోతది. బంతికొకన్ని పెట్టి, చిన్న బకెట్ ఇస్తరు. సాంబార్ ఎప్పుడు, పెరుగెప్పుడు అని చెప్పే పెద్దమనిషి మాత్రం ఒక్కడే. డిజిటల్ రైళ్లల్ల ఆ చిన్న బకెట్ల పేరు బూస్టర్లు. మాట చెప్పే కమాండ్ స్టేషన్ ఒక్కటే ఉంటది. అది పంపే సన్నని సిగ్నల్‌ను బూస్టర్ అందుకొని, అదే మాటను బలంగ తన పట్టాలకు పోస్తది. బల్లను ముక్కలు చేసి, ముక్కకొక బూస్టర్. ఒక ముక్కల బండి పడిపోతే అదొక్కటే ఆగుతది, మిగతా ఊర్ల బండ్లు నడుస్తనే ఉంటయి.

పెద్ద రైల్వే కూడ ఇదే చేస్తది. మన కాజీపేట – బల్లార్షా లైను మీద వైర్లల్ల పోయేది 25 వేల వోల్టులు. దేశం మొత్తానికి ఒక్క పెద్ద బటన్ ఉండదు. సుమారు 40 నుంచి 60 కిలోమీటర్లకు ఒక సబ్‌స్టేషన్. పక్కపక్క సబ్‌స్టేషన్లు గ్రిడ్‌ల వేరే వేరే ఫేజుల మీద తీసుకుంటయి, బరువు ఒక్క ఫేజు మీదనే పడొద్దని. రెండింటి నడుమ న్యూట్రల్ సెక్షన్ అని కరెంటు లేని జర జాగ ఉంటది. 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 మీటర్ల ముందు ఇంకోటి. డ్రైవర్ ఇంజన్ల పెద్ద బ్రేకర్ తెరుస్తడు, బండి ఊపు మీద ఆ జాగ దాటుతది, మళ్ల వేస్తడు. మెమూ బండిల పోతుంటే ఒకసారి ఫ్యాన్లు, లైట్లు పోయి మళ్ల వస్తయి చూడుండ్రి. కరెంటు పోయిందని పక్కామె తోని అనకుండ్రి, మీరు న్యూట్రల్ సెక్షన్ దాటుతున్నరు.

బల్ల మీద మాత్రం ఒక తేడా ఉన్నది. చిన్న ఇంజన్‌కు ఆ ఊపు ఉండదు, చచ్చిన జాగల ఆగిపోతది. అందుకని నడుమ ఖాళీ జాగ పెట్టరు. రెండు పట్టాలనూ ఒక్క చోట కొంచెం కోసి, లోహపు ఫిష్‌ప్లేటు బదులు ప్లాస్టిక్‌ది వేస్తరు. ఇంజన్ దాటేటప్పుడు దాని చక్రాలు ఒక్క క్షణం ఇటు బూస్టర్‌ను, అటు బూస్టర్‌ను కలుపుతయి. రెండూ ఒక్క దిక్కే మారుతుంటే ఏం కాదు. ఒకటి ఇటు, ఇంకోటి అటు మారితే అక్కడనే షార్ట్. ఎట్ల తెలుస్తది? మల్టీమీటర్ ఏసీల పెట్టి, కోత మీద ఒకే పట్టాకు ఇటొక పుల్ల, అటొక పుల్ల. సున్న దగ్గర చూపిస్తే సరే. వోల్టులు ఎక్కువ చూపిస్తే ఒక బూస్టర్ తీగలు తిరగేసి కట్టాలె. అంతే పని. కొడుకు ఇది చెప్పేటప్పుడు మొదటిసారి నా దిక్కు చూసి మాట్లాడిండు.

ఇంకొన్ని జాగ్రత్తలున్నయి, అవి జల్ది చెప్త. బూస్టర్‌కొక సొంత పవర్ సప్లై ఉండాలె, రెండింటికి ఒకటే అడాప్టర్ పంచొద్దు. బూస్టర్లన్నిటినీ కలిపే కామన్ తీగ ఒకటి ఉండాలె, కంపెనీ కాయితంల ఎట్ల రాస్తే అట్ల. బండి తిరిగి తన పట్టా మీదికే ఎదురొచ్చే లూపు ఉంటే దానికి ఆటో రివర్సర్ వేరే పెట్టాలె. కూత పెట్టే ఇంజన్ల లోపల కరెంటు దాచుకునే కెపాసిటర్లుంటయి. బటన్ వేయంగనే అన్నీ ఒక్కసారే గుంజుతయి, బూస్టర్ దాన్ని షార్ట్ అనుకొని బందైతది. ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క వేసుకుంట పోతే ఆ లొల్లి ఉండదు.

తీగల సంగతి మాత్రం నిమ్మళంగ వినాలె. కరెంటు పెంచి తీగలు పాతవే ఉంచితే ఆ కరెంటు దారిలనే పోతది. మామ బల్ల కింద ఇంతకు ముందు లైట్లకు వేసే 1 ఎంఎం తీగ ఉన్నది. గది చుట్టు పది మీటర్లు పోయి పది మీటర్లు రావాలె. ఆ ఇరవై మీటర్లల్ల, 5 ఆంప్స్ పోతే, దాదాపు 2 వోల్టులు తీగనే తింటది. 2.5 తీగైతే 0.8 వోల్టు. మన ఇండ్లల్ల పవర్ ప్లగ్గుకు వేసేదదే. పట్టాల మీద నమ్మకం పెట్టుకోవద్దు. వాటిని నికెల్ సిల్వర్ అంటరు గాని అందుల వెండి ఏమీ ఉండదు, రాగి, నికెల్, జింకు. కరెంటు మోసుడుల ఉత్త రాగికి చాలా వెనుక. అందుకని కింద మందపు తీగ, దానికెళ్లి మీటరుకొక చిన్న తీగ పైకి తెచ్చి పట్టాకు సోల్డర్ చెయ్యాలె. మామ కండ్లజోడు పెట్టుకొని పట్టుకుంటడు, కొడుకు సోల్డర్ పెడ్తడు. కొడుకు నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి పండుకోకుండ ఆ బల్ల కింద దూరిండు. అత్తమ్మ చాయ్ గిలాస కిందికి తోస్తది, జరసేపటికి ఖాళీ గిలాస బయటికొస్తది. ముగ్గురు మాట్లాడుకునుడు నాకు వినపడదు గాని, ఇంత కాలం ఆ ఇంట్ల తండ్రి కొడుకులు ఒక్క దగ్గర ఇంతసేపు కూసున్నది నేను చూడలే. షిఫ్టుల ఇండ్లు మీకు తెల్వదా? ఒకరు లేచేటప్పటికి ఒకరు పండుకుంటరు.

గోదావరిఖనికి పోయి ఎరుపు ఒక చుట్ట, నలుపు ఒక చుట్ట తెచ్చిన్రు. ఎరుపు ఒక పట్టాకు, నలుపు ఇంకో పట్టాకు, ఎక్కడా మారొద్దు. మిగిలిన ముక్క అత్తమ్మ అప్పుడే అడిగి పెట్టింది, బట్టల తీగకు. మీకు కూడ కావాల్నంటే ఇప్పుడే చెప్పుండ్రి, తర్వాత దొరకదు.

ఇట్లాంటి పిచ్చి మన మామ ఒక్కనికే అనుకోకుండ్రి. పుణెల జోషి గారి చిన్న రైళ్ల మ్యూజియం 1998 సంది ఉన్నది, జనం టికెట్టు కొని చూస్తరు. జర్మనీల హాంబర్గ్‌ల కవల అన్నదమ్ములు 2001ల తెరిచిన బల్ల ఉన్నదట, వెయ్యికి పైన బండ్లు. అక్కడ ఎన్ని బూస్టర్లున్నయో అని కొడుకు నిద్రల కూడ ఆలోచన చేస్తున్నట్టున్నడు.

ఇప్పుడు ఆ ఇంట్ల ఒక్కటే పంచాయితీ మిగిలింది. కోత ఎక్కడ పెట్టాలె? కొడుకు మంథని ప్లాట్‌ఫారం నడుమ పెడ్త అన్నడు, బల్ల సమానంగ రెండు ముక్కలైతది. మామ వద్దన్నడు. ఆయన మాటలనే న్యాయమున్నది. ప్యాసింజర్ ఆగే కాడ కోత పెడ్తే, బండి ఆగినంత సేపు లైట్ల డబ్బాల చక్రాలు ఇటు కొన్ని, అటు కొన్ని. ఒక దిక్కు షార్టైతే ఆ బండి చక్రాల మీదికెళ్లి రెండో దిక్కు కూడ లొల్లి అయితది. కోత ఎప్పుడూ బండి ఆగకుండ ఉరికే జాగల పెట్టాలె. పైగా, మంథనిని నడిమిట్ల కోసుడేందిరా, వచ్చిన ఒక్క స్టేషన్‌ను, అన్నడట. కొడుకు ఏమీ మాట్లాడకుండ స్కేలు తీసి, స్టేషన్ దాటి, బల్ల మీది గోదావరి బ్రిడ్జి ఇవతల గీత గీసిండు. ఇగ మంథని దిక్కంతా కొత్త 3 ఆంప్స్ బూస్టర్‌ది, రామగుండం దిక్కు పాత డబ్బాది.

ఆదివారం పొద్దుగాల కోస్తరట, మీటర్ పెడ్తరట. ఆ తర్వాత రూపాయి పరీక్ష. పట్టా పొడుగునా మీటరు దూరానికొక చోట రూపాయి బిళ్లను రెండు పట్టాల మీద అడ్డంగ పెడ్తరు. పెట్టంగనే ఆ ముక్క టక్కుమని బంద్ కావాలె, రెండో ముక్క బండి నడుస్తనే ఉండాలె. ఎక్కడన్న బిళ్ల పెట్టినా బంద్ కాకపోతే అక్కడ తీగ సరిపోలేదని అర్థం, మళ్ల సోల్డర్ పెట్టాలె. మంథని దిక్కు బిళ్ల పెట్టేది అత్తమ్మనట, మామ ఇప్పటికే చెప్పేసిండు. మీరూ రాండ్రి. పండుకున్నట్టు నటించకుండ్రి, ఆ కిటికీ నాకు కనపడ్తది. వచ్చేటప్పుడు గిన్నె పట్టుకొని రాండ్రి, అత్తమ్మ సకినాలు చేస్తనన్నది. అగో, బ్లాస్టింగ్ అయింది, అద్దాలు గలగలమన్నయి చూడుండ్రి. ఇంకో చాయ్ తాగినంక ఆ చీర ఆరేసుకోండ్రి.